చెరకు గానుగలో నలిగిన ముంజేయి: పందిరి వేశాం, పాదు ఏది?

2022 ఫిబ్రవరిలో ఒక రాత్రి ఎనిమిదిన్నరకు తిరుపతిలో మా అత్యవసర విభాగానికి వచ్చిన చేతి కథ ఇది. రోగి అనుమతితో రాస్తున్నాను. పేరు, ఊరు చెప్పను. వయసు 38, కుడిచేతి వాటం, పూతలపట్టు వైపు చెరకు రైతు. మధుమేహం లేదు, బీడీ అలవాటు ఉంది.

సంక్రాంతి దాటాక ఆ వైపు గానుగలు జోరుగా తిరుగుతాయి. పెనం కింద మంట ఆరకూడదు కాబట్టి గానుగ ఆగకూడదు, గానుగ ఆగకూడదు కాబట్టి గడలు అందించే మనిషి ఆగకూడదు. ఆ సాయంత్రం నాలుగింటికి ఒక వంకర గడ రోలర్ల దగ్గర అడ్డం తిరిగింది. ఇతను దాన్ని అరచేత్తో లోపలికి నెట్టాడు. ముందు చొక్కా చెయ్యి పోయింది, దాని వెనకే ముంజేయి పోయింది. ఇంజన్ ఆపి, బోల్టులు విప్పి, రోలర్లను ఎడం చేసి చెయ్యి బయటకు తీసేసరికి ఇరవై నిమిషాలు పట్టిందని బావమరిది చెప్పాడు. నెత్తురు ఆగాలని ఎవరో మోచేతి పైన తువ్వాలు బిగించి కట్టారు. చంద్రగిరి దాటి మా దగ్గరకు వచ్చేదాకా దాన్ని ఎవరూ విప్పలేదు.

కత్తి కోసిన చోటే కోస్తుంది. గానుగ అలా కాదు, చెరకును ఏం చేస్తుందో చేతినీ అదే చేస్తుంది. పైకి ఎర్రగా కనిపించే కండ లోపల సన్నటి రక్తనాళాలన్నీ చితికిపోయి ఉంటాయి. మూడో రోజుకు అదే కండ బూడిద రంగుకు తిరుగుతుంది. అందుకే గానుగ గాయాన్ని మొదటి రాత్రి కుట్టి మూయడం నా దృష్టిలో పెద్ద తప్పు.

మొదటి రాత్రి చూసింది ఇది. ముంజేతి ముందు వైపు చర్మం మణికట్టు నుంచి మోచేతి కింద వరకు ఒలిచిన తొక్కలా లేచిపోయింది. వేళ్లను మధ్య కీళ్ల దగ్గర ముడిచే పై వరుస కండ దాదాపు పూర్తిగా పిప్పి అయింది. మణికట్టును వంచే కండల్లో బొటనవేలి వైపుది లేదు, చిటికెనవేలి వైపుది బాగుంది. లోపలి వరుసలో చూపుడువేలికి, మధ్యవేలికి వెళ్లే భాగాలు సగానికి పైగా పోయాయి. ఉంగరపు వేలికి, చిటికెన వేలికి వెళ్లేవి మిగిలాయి. బొటనవేలిని ముడిచే కండ నలిగింది. ముంజేతి నడుమగా అరచేతిలోకి వెళ్లే మీడియన్ నరం తెగలేదు, కానీ ఊదా రంగులో వాచి ఉంది. బొటనవేలి వైపు రేడియల్ ధమని మూసుకుపోయింది. అదృష్టం కొద్దీ చిటికెనవేలి వైపు అల్నార్ ధమని ఒక్కటే చేతికి సరిపడా రక్తం ఇస్తోంది. ముంజేతిలో చిటికెనవేలి వైపు ఉండే అల్నా ఎముక మధ్యలో విరిగింది. దానికి తర్వాత ఎముకల వైద్యులు వేరే కోత నుంచి ప్లేటు వేశారు.

కండ బతికి ఉందో లేదో తేల్చడానికి నాలుగు గుర్తులు చూడమని మాకు చదువుకునే రోజుల్లో నూరిపోస్తారు: రంగు, బిగువు, గిల్లితే ముడుచుకోవడం, కోస్తే రక్తం రావడం. ఈ నాలుగింటిలో రంగును నేను నమ్మను. గిల్లితే కదలనిదాన్ని, కోస్తే రక్తం రానిదాన్ని తీసేశాం. మళ్లీ 48 గంటలకు, తర్వాత ఆరో రోజున ఇంకొంత తీయాల్సి వచ్చింది. మూడోసారి కత్తి పెట్టినప్పుడు, మొదటి రాత్రి దయతలచి వదిలిన కండలో చాలా భాగం పోయింది. పుండు శుభ్రపడింది. కానీ ముంజేతి ముందు వైపు ఒక గొయ్యి మిగిలింది.

గొయ్యిని ఎలా మూయాలన్న దగ్గర మా విభాగంలో రెండు అభిప్రాయాలు వచ్చాయి. నా సహచరుడు గజ్జ ఫ్లాప్ వేయాలన్నాడు. గజ్జల దగ్గరి చర్మాన్ని కొవ్వుతో సహా లేపి, చేతిని అక్కడికి కుట్టి, మూడు వారాలయ్యాక వేరు చేసే పాత పద్ధతి అది. మన దేశంలో ఎన్నో చేతులను నిలబెట్టింది. మూడు వారాలు చెయ్యి గజ్జకు కట్టుబడి ఉంటే భుజం, వేళ్లు బిగుసుకుంటాయని నా భయం. టెండన్ల (కండను ఎముకకు కలిపే తాళ్ల) మీది పలుచని పొర చాలావరకు బతికే ఉంది కాబట్టి రెండంచెల చర్మ స్కాఫోల్డ్, అంటే కణాలు పాకడానికి వేసే ఆసరా, సరిపోతుందని నేను వాదించాను.

ఆ స్కాఫోల్డ్ గురించి కొంచెం చెప్పాలి. కింది పొర ఆవు టెండన్ నుంచి తీసిన కొల్లాజెన్ (చర్మానికి, టెండన్లకు బలమిచ్చే ప్రోటీన్), సొరచేప మృదులాస్థి నుంచి తీసిన కాండ్రాయిటిన్ సల్ఫేట్ కలిపి ఆరబెట్టిన స్పాంజి. పైన సిలికాన్ పొర, అది తాత్కాలిక చర్మం. ఎంఐటీ ఆచార్యుడు యానిస్ యానాస్, బోస్టన్ సర్జన్ జాన్ బర్క్ కలిసి కాలిన గాయాల కోసం దీన్ని తయారు చేశారు. 1996లో అమెరికా ఔషధ సంస్థ అనుమతి ఇచ్చింది. స్పాంజి రంధ్రాల్లోకి రోగి కణాలు, రక్తనాళాలు పాకి వస్తాయి. కొన్ని వారాల్లో అవి తమ కొల్లాజెన్‌ను అల్లుకుంటూ ఉంటే వేసిన కొల్లాజెన్ కరుగుతూ పోతుంది. సుమారు మూడు వారాలకు సిలికాన్ పొర తీసి పలుచని చర్మపు అతుకు వేస్తాం.

ఆవు నుంచి తీసిన పదార్థమని చెప్పకుండా వేసేయడం తేలిక. తిరుపతిలో పని చేస్తూ అలా చేయడం నాకు ఇష్టం ఉండదు. చెప్పాను. అతని తల్లి చాలాసేపు మాట్లాడలేదు. అతను మాత్రం, ‘పాలు తాగలేదా, పేడతో అలకలేదా సార్, మందుకు పనికొస్తే తప్పేముంది’ అన్నాడు. ధర విన్నప్పుడే ముఖం మారింది. ఆ సీజను బెల్లం డబ్బులో ఎంత పోతుందో వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు, ఎడమచేతి వేళ్ల మీద.

అప్పుడు అడిగాడు అతని మేనల్లుడు. తిరుపతిలో బయోటెక్నాలజీ చదువుతున్నాడు, ఫోనులో నాలుగైదు పరిశోధన పత్రాలు దింపుకుని వచ్చాడు.

‘సార్, చర్మానికి ఎందుకు, కండకే స్కాఫోల్డ్ పెట్టొచ్చు కదా? పంది మూత్రాశయం పెడితే మామకు కండ మళ్లీ పెరుగుతుందట.’

పక్కనే ఉన్న అతని అత్త, అంటే రోగి భార్య, ఆశగా నా వైపు చూసింది. ఈ ప్రశ్నకు రెండు నిమిషాల్లో జవాబు చెప్పి పంపించే పద్ధతి కూడా ఉంది. కానీ ఆ అబ్బాయి చదివింది అబద్ధం కాదు. అందుకే కూర్చోబెట్టి మాట్లాడాను.

పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ బాడిలాక్ బృందం పంది మూత్రాశయం నుంచి కణాలన్నీ కడిగేసి, మిగిలిన జాలాన్ని కండ పోయిన చోట అమర్చింది. 2014లో ఐదుగురి ఫలితాలు ప్రకటించారు. వాళ్లకు ఆ కండలో 58 నుంచి 90 శాతం వరకు పోయింది. ఐదుగురిలో ముగ్గురికి బలం చెప్పుకోదగినంత పెరిగింది. 2016లో 13 మంది ఫలితాలు వచ్చాయి: ఆరు నెలలకు బలం సగటున 37.3 శాతం, కదలిక 27.1 శాతం మెరుగయ్యాయి. అబ్బాయి ఇక్కడిదాకా చదివాడు. శస్త్రచికిత్స ఎలా చేశారన్న పేజీలు దాటేశాడు. స్కాఫోల్డ్ పెట్టకముందే ఆ రోగుల చేత వ్యాయామం చేయించారు, ఇక దానితో మెరుగుదల రాదని తేలేదాకా. తర్వాత మచ్చను తీసేసి, స్కాఫోల్డ్ అంచులు బతికున్న కండను తాకేటట్టు కుట్టారు. ఒకటి రెండు రోజుల్లోనే మళ్లీ వ్యాయామం మొదలుపెట్టించారు. మామ గొయ్యిలో ఇంకా వాపు ఉంది, పక్కన తాకించడానికి ఆ వరుసలో బతికున్న కండ దాదాపు లేదు, కండకు ఆదేశం మోసుకెళ్లే నరం మూగబోయింది.

ఎలుకల మీద జరిగిన పనిని కూడా చూపించాను. శాన్ ఆంటోనియోలోని అమెరికా సైనిక పరిశోధకులు ఇలాంటి జాలాలను ఎలుక కాలి కండలో పెట్టి చూశారు. బలం కొంత పెరిగింది. కోసి చూస్తే లోపల ఎక్కువగా మచ్చే ఉంది, కొత్త కండ పోగులు చాలా తక్కువ. మరి బలం ఎలా వచ్చింది? తెగిన రెండు కొసల మధ్య మచ్చ ఒక తాడులా నిలబడి, మిగిలిన కండ లాగే లాగుడును అటు నుంచి ఇటు చేరవేసింది. అంటే పెరిగిన బలం పాత కండదే. ఈ సంగతి రోగికి నష్టం కాదు, లాగుడు లాగుడే. కానీ దాన్ని కండ పెరగడం అని పిలిస్తే మనల్ని మనం మోసం చేసుకుంటాం.

కండ తనంతట తాను బాగు చేసుకునే శక్తి చిన్నది కాదు. ప్రతి పోగు చుట్టూ ఒక పలుచని ఒర ఉంటుంది. ఒరకూ పోగుకూ మధ్య శాటిలైట్ కణాలు నిద్రపోతూ ఉంటాయి. 1961లో అలెగ్జాండర్ మౌరో కప్ప కండను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూస్తూ వాటిని పట్టుకున్నాడు. దెబ్బ తగిలితే ఇవి లేచి, విభజన చెంది, ఒకదానితో ఒకటి కలిసిపోయి అదే ఒరలో కొత్త పోగును కడతాయి. గానుగ ఒరతో సహా తీసుకుపోతే కణాలకు దారి ఉండదు. ఎలుక కాలి కండలో ఐదో వంతు కోసి తీసేసినా ఆ గొయ్యి కండతో పూడదు, మచ్చతో పూడుతుంది.

పోయిన ఒరల స్థానంలో కృత్రిమమైన దారి వేయడమే స్కాఫోల్డ్ పని. ఒకే పదార్థంతో ఆ దారి ఎందుకు కుదరదో శస్త్రవైద్యుడికి కుట్లు వేసే దారాల నుంచే తెలుస్తుంది. వైక్రిల్ దారం రెండు నెలల్లో కరుగుతుంది, పాలీడయాక్సనోన్ దారానికి ఆరు నెలలు పడుతుంది; నోటి లోపలికి మొదటిది, కడుపు మూయడానికి రెండోది వాడతాం. స్కాఫోల్డుకూ ఇదే చిక్కు, ఇంకా ముదిరిన రూపంలో. జెలటిన్, ఫైబ్రిన్ వంటి ప్రోటీన్లు కణాలకు ఇష్టమైన నేల, కానీ శరీర వేడికి రోజుల్లో, వారాల్లో జారిపోతాయి. జెలటిన్‌ను గట్టిపరచడానికి గ్లూటరాల్డిహైడ్ కలిపితే మిగిలిపోయిన కొంచెం రసాయనమే కణాలను చంపుతుంది. పాలీలాక్టిక్ ఆమ్లం అనే ప్లాస్టిక్ కరుగుతూ ఆమ్లాన్ని వదులుతుంది, కండకు అది మంట. పాలీకాప్రోలాక్టోన్ అనే మరో ప్లాస్టిక్ నెమ్మది, రెండు మూడేళ్లు ఉంటుంది, సన్నటి పోగులుగా ఒకే దిశలో వడకడానికి లొంగుతుంది. కానీ దాని బిరుసుకూ కండ మెత్తదనానికీ పొంతన లేదు: కండ కణాలు బాగా పోగుకట్టే నేల గట్టిదనం సుమారు 12 కిలోపాస్కల్స్, ఈ ప్లాస్టిక్‌ది వందల మెగాపాస్కల్స్ (ఒక్క మెగాపాస్కల్ అంటే వెయ్యి కిలోపాస్కల్స్). అందుకే మిశ్రమాలు. బలానికి, దిశకు ప్లాస్టిక్ పోగులు. కణాలు పట్టుకోవడానికి మెత్తటి జెల్. ప్రయోగశాలలో ఇవి అందంగా పనిచేస్తాయి, కణాలు వరిమళ్లలా వరుస కడతాయి. ఆ ఫోటోలు చూస్తే నాకూ మనసు లాగుతుంది.

మనిషి ముంజేయి ప్రయోగశాల పళ్లెం కంటే మందం. రక్తనాళానికి ఒకటి రెండు వందల మైక్రాన్లకు (మిల్లీమీటరులో పదో వంతు, ఐదో వంతు) మించి దూరమైన కణం ప్రాణవాయువు అందక చస్తుంది. వేలి మందం గొయ్యి నిండా కణాలు పెట్టినా నడిమి భాగం మొదటి రోజుల్లోనే పోతుంది. నరం మాట వేరే చెప్పాలి. నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు పాకుతుంది. అది వచ్చి ముట్టేదాకా కొత్త పోగు నిలవాలి, లేకపోతే పుట్టినది పుట్టినట్టే ఎండిపోతుంది.

ఇంత చెప్పాక అబ్బాయి మౌనంగా ఉన్నాడు. అత్త మాత్రం చక్కగా తేల్చింది: ‘అయితే పందిరి మీరు వేస్తారు, పాదు ఈయన చేతిలోనే ఉండాలన్నమాట. పాదు ఎండిపోతే పందిరి ఏం చేస్తుంది, సార్?’

బీరపాదు పెంచిన మనిషి మాట అది. ఆ తర్వాత ఎవరికి వివరించినా నేను ఈ మాటే వాడుతున్నాను.

చట్టం మాట కూడా ఉంది. స్కాఫోల్డ్ మన దేశంలో వైద్య పరికరం కిందికి వస్తుంది. 2017 నిబంధనల ప్రకారం అనుమతి లేనిదాన్ని ఒక కుటుంబం అడిగిందని పెట్టడానికి వీల్లేదు. తిరువనంతపురం శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ పంది పిత్తాశయం నుంచి తయారు చేసిన స్కాఫోల్డ్ అయిన కోలెడెర్మ్‌కు 2023లో అనుమతి వచ్చింది, అదీ చర్మపు గాయాలకే. ఖరీదైన విదేశీ స్పాంజికి బదులు మన దగ్గర తయారైనది రావడం నాకు సంతోషమే.

తొమ్మిదో రోజున స్పాంజి వేశాం. గొయ్యి అడుగున మిగిలిన కండ మీద ఒక పొర అదనంగా పరిచాను, చెయ్యి మరీ లోతుగా కనపడకూడదని. పైన గాలి పీల్చి తేమ లాగే కట్టు వేశాం. ముప్పయ్యో రోజుకు కింద గులాబీ రంగు వచ్చింది, సిలికాన్ తీసి తొడ నుంచి పలుచని చర్మం అతికాం. అతుకు దాదాపు అంతా పట్టింది. చూడడానికి ఎంత బాగా కుదిరిందో! విభాగంలో అందరికీ చూపించాను.

నా తప్పు అక్కడే జరిగింది. స్పాంజి కదిలిపోతుందేమోనని తొమ్మిదో రోజు నుంచి 37వ రోజు దాకా ముంజేతిని, మణికట్టును, వేళ్లను స్ప్లింట్‌లో పూర్తిగా బంధించాను. ఫిజియోథెరపిస్ట్ రెండుసార్లు వచ్చి, కనీసం వేళ్ల మొదటి కీళ్లనైనా వంచనివ్వండి అని అడిగింది. తర్వాత అన్నాను. ఆ కట్టు కింద స్పాంజి ఎటూ కదిలేది కాదని ఇప్పుడు తెలుసు. అబ్బాయికి పిట్స్‌బర్గ్ పత్రంలో వ్యాయామం పేజీలు దాటేశావని చెప్పినవాణ్ని నేను, నా రోగి దగ్గర ఆ పేజీలనే దాటేశాను. స్ప్లింట్ విప్పేసరికి టెండన్లు కొత్త పొరకు అంటుకుపోయాయి. గజ్జ ఫ్లాప్ అయితే చెయ్యి బిగుస్తుందని వాదించి, ఫ్లాప్ లేకుండానే బిగించిపెట్టాను. సహచరుడు ఈ మాట అనలేదు, అనాల్సిన అవసరం లేకపోయింది.

నాలుగు నెలలు వ్యాయామం చేశాడు. వారానికి మూడుసార్లు బస్సెక్కి తిరుపతి వచ్చేవాడు, బీడీ మానేశాడు, ఇంట్లో వేడినీళ్ల బకెట్లో చెయ్యి పెట్టి వేళ్లు ముడిచేవాడు. తర్వాత మెరుగుదల ఆగిపోయింది. పట్టు కొలిచే యంత్రంలో ఎడమ చెయ్యి 41 కిలోలు, కుడి చెయ్యి 4 కిలోలు. మీడియన్ నరం మెల్లగా కోలుకుంటోంది. బొటనవేలి కొసలో చీమలు పాకినట్టుందన్నాడు, అది మాకు మంచి కబురు.

ఏడో నెలలో రెండో దశ. మత్తు ఇవ్వలేదు, చేతికి మాత్రమే తిమ్మిరి మందు ఎక్కించాం, కాబట్టి అతను మెలకువగానే ఉన్నాడు. మచ్చ నుంచి టెండన్లను ఒక్కొక్కటిగా విడదీశాం. కొత్త చర్మపు పొర, అనుకున్నదానికంటే మెత్తగా, చిరగకుండా లేచింది. స్పాంజికి ఆ ఘనత ఇవ్వాలి. చూపుడువేలు, మధ్యవేలు టెండన్లను బాగున్న ఉంగరపు వేలు, చిటికెన వేలు టెండన్లకు పక్కపక్కన కుట్టాం. బొటనవేలికి బ్రాకియోరేడియాలిస్ అనే మోచేతి కండను మళ్లించాం. దానికి ఆదేశాలు రేడియల్ నరం నుంచి వస్తాయి, గానుగ దెబ్బ దాని దాకా పోలేదు. ‘ముడువు’ అంటే బల్ల మీదే పిడికిలి ముడిచాడు, నాలుగు వేళ్లూ కలిసి వచ్చాయి. తలెత్తి చూసుకుని నవ్వాడు. బిగువు ఎంత ఉండాలో అతని నవ్వు చూసి కాక, చూపుడువేలి వంపు చూసి ఒకసారి సరిచేశాం.

అదే సమయంలో, అతని అనుమతితో, నేను అదనంగా పరిచిన స్పాంజి ఉన్న చోటు నుంచి చిన్న ముక్క తీసి పాథాలజీకి పంపాను. చర్మం కోసం తయారైనది కండను పుట్టిస్తుందని నేను అనుకోలేదు, ఊరికే చూడాలనిపించింది. చక్కని కొల్లాజెన్, నిండుగా రక్తనాళాలు. పాత కండ అంచున ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర కొన్ని సన్నటి కండ పోగులు లోపలికి తొంగిచూశాయి. అంతకు మించి లేదు. పందిరికి తీగలు ఎక్కిన మాట నిజమే, అవి వేరే తీగలు.

ఈసారి మూడో రోజు నుంచే వేళ్లు కదిలించాం. స్ప్లింట్ ఎప్పుడు తీయాలో ఫిజియోథెరపిస్టే నిర్ణయించింది.

ఇరవయ్యో నెలలో వచ్చినప్పుడు కుడి చేతి పట్టు 17 కిలోలు. చూపుడువేలి కొస అరచేతికి ఒకటిన్నర సెంటీమీటరు దూరంలో ఆగుతోంది. వేళ్లు నాలుగూ కలిసే ముడుచుకుంటాయి, ఒక్కదాన్ని విడిగా ముడవలేడు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు వేడినీ ముల్లునూ గుర్తుపడతాయి. చొక్కా గుండీ మాత్రం ఇప్పటికీ ఎడమ చేత్తోనే. ముంజేయి ముందు వైపు పల్లంగానే ఉంది. పొడుగుచేతుల చొక్కాలు వేస్తున్నాడు, అడిగితే ఎండ కోసం అంటాడు. గానుగ దగ్గర గడలు అందించే పని బావమరిదికి ఇచ్చి, తను పెనం దగ్గర పాకం చూస్తున్నాడు. తెడ్డు రెండు చేతులతో పడతాడు.

మేనల్లుడు కూడా వచ్చాడు, ఎమ్మెస్సీలో చేరాడు. ఇప్పుడైతే మచ్చ తీసి, బతికున్న అంచుకు తాకించి కండ స్కాఫోల్డ్ పెట్టవచ్చా అని మళ్లీ అడిగాడు. ఈసారి ప్రశ్న పదునుగా ఉంది. పాత గాయం, కోలుకున్న నరం, ఆగిపోయిన వ్యాయామ ఫలితం, అన్నీ ఆ 13 మంది పరిస్థితికి దగ్గరగా ఉన్నాయి. కానీ ఇప్పుడు ఆ మచ్చలోంచే నాలుగు వేళ్ల టెండన్లు నడుస్తున్నాయి. దాన్ని మళ్లీ తెరిస్తే 17 కిలోలను పణంగా పెట్టాలి. పెట్టనన్నాను. అతని మామ కూడా వద్దన్నాడు, వచ్చే సీజనుకు చెయ్యి కావాలట. అల్నా ప్లేటు చలికి నొప్పి పుడుతోందని చెప్పాడు. సంక్రాంతి తర్వాత ఎక్స్‌రే తీయించి, దాన్ని తీయాలో ఉంచాలో ఎముకల వైద్యులతో కలిసి చూస్తాం.